బొమ్మ తలుపు

చెక్కగోడ ఒక్క పూటలో లేచింది. పొద్దున పిల్లల్ని బడిలో దింపి, లవాష్ రొట్టెలు కొనుక్కుని తిరిగొచ్చేసరికి మా ఇళ్ల వరుస నాకే కనబడలేదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా మనిషికి రెండింతల ఎత్తున పలకలు దిగ్గొట్టేశారు. వాటి నిండా రంగుల బొమ్మలు. ఎర్రరాతి మేడలు, బాల్కనీలు, కుండీల్లో పువ్వులు, తెల్ల తెరలు కట్టిన కిటికీలు, ఇత్తడి పిడి ఉన్న ఆకుపచ్చ తలుపులు. ఒక కిటికీలో పిల్లి కూడా కూర్చుని ఉంది.

"ఏమ్మా వర్సెనిక్, దారి తప్పావా?" అన్నాడు వాచిక్ మామ, సిగరెట్ నోట్లోంచి తియ్యకుండానే. మా పక్క ఇనుప డబ్బా ఇంట్లో ఉండే మంగలి ఆయన. "మీది మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యట్లేదు, మెట్లెక్కి వెళ్లు."

మా గ్యుమ్రీ ఊరివాళ్లు చావు ఇంట్లో కూడా ఎవరినో ఒకరిని నవ్వించందే లేవరు. కానీ ఆ పూట నాకు నవ్వు రాలేదు. ఆయనకూ వచ్చినట్టు లేదు.

భూకంపం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఇళ్లు కూలినవాళ్లకి "రెండేళ్లు సర్దుకోండి" అని ఇనుప డబ్బాలు ఇచ్చారు. దోమిక్ అంటాం వాటిని, చిన్న ఇల్లు అని. ఆ మాట చెప్పినప్పుడు నా భర్త సాసున్ బడికెళ్లే పిల్లవాడు. అప్పటికి అదే డబ్బాలో మా ఇద్దరు పిల్లలు హోమ్‌వర్కు రాసుకుంటున్నారు. వేసవిలో పెనం, చలికాలంలో మంచుగడ్డ. కట్టెలు అయిపోతే పిడకలు, పిడకలు అయిపోతే పాత బూట్లు పొయ్యిలో వేసిన రోజులున్నాయి.

మా అత్తగారు హైకనుష్ ఆ భూకంపం రోజున మేజోళ్ల ఫ్యాక్టరీలో పనిలో ఉంది. ఆమె నిలబడ్డ వైపు గోడ మిగిలింది. బడిలో ఉన్న ఆమె కూతురు అర్పినే మిగల్లేదు. ఇంట్లో ఉన్న మామగారూ మిగల్లేదు. ఆమె దీన్ని గురించి ఇంతకంటే ఎక్కువ మాట్లాడగా నేను వినలేదు.

ఈ గోడ ఎందుకో ఆ రోజే తెలిసింది. భూకంపం నాడు చనిపోయినవాళ్లని తలుచుకునే డిసెంబరు ఏడు దగ్గరికొస్తోంది. ఎక్కడెక్కడి దేశాల నుంచో అతిథులు వస్తున్నారు. అప్పట్లో సాయానికి వచ్చిన డాక్టర్లు, శిథిలాలు తవ్వినవాళ్లు. వాళ్ల బళ్లు మా రోడ్డు మీదుగా శ్మశానానికి వెళ్తాయి. భూకంపం గుర్తుగా వస్తున్న అతిథుల కళ్లకి, భూకంపంలో ఇల్లు పోయినవాళ్లు కనబడకూడదు. ఇదీ సంగతి. ఏ ఆఫీసు చెప్పిందని అడిగితే పనివాళ్లు ఆకాశం వైపు చూపించారు.

అత్తయ్య రెండు బకెట్లు పట్టుకుని బయటికొచ్చి గోడ ముందు ఆగిపోయింది. మా వరుసకంతటికీ ఒకటే కుళాయి. అది రోడ్డు పక్కన ఉంది. అంటే గోడకి అవతల.

పని చేయిస్తున్నది హ్మాయాక్. కాంట్రాక్టరు మనిషి, నలభై ఏళ్లవాడు, తోలు కోటు. వాళ్లమ్మ ఫ్యాక్టరీలో మా అత్తయ్య పక్క మిషను మీదే పనిచేసేది.

"హ్మో జాన్, నాయనా, నా కుళాయి ఏది?" అంది అత్తయ్య.

"అదిగో అటు మూల నుంచి తిరిగి వెళ్లు పిన్నీ. నాలుగు రోజులేగా. అతిథులు వెళ్లగానే పీకేస్తాం."

"నాలుగు రోజులా? బాబూ, మాకు రెండేళ్లని చెప్పి ఇరవై ఏళ్లు చేశారు. నీ లెక్కన నాలుగు రోజులంటే నా మనవరాలికి మనవలు పుడతారు."

పనివాళ్లు తల తిప్పుకుని నవ్వారు. హ్మాయాక్ చెవులు ఎర్రబడ్డాయి. "నన్నేం చెయ్యమంటావు? నాకు చెప్పిన పని నేను చేస్తున్నా."

"మీ అమ్మ నిన్ను ఫ్యాక్టరీ పిల్లల గదిలో పడేసి వెళ్తే, ముక్కు తుడిచింది నేను. అది కూడా ఎవరో చెప్తే చెయ్యలేదు," అని బకెట్లు ఎత్తుకుని మూల చుట్టూ నడిచింది.

అటువైపు నేల పల్లం. రాత్రి కురిసిన మంచు పగలు తొక్కుడు పడి గాజులా గట్టిపడింది. మా వరుసలోనే ఉండే జెనిక్ అక్క ఆ మర్నాడు అక్కడే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఒంటరి మనిషి ఆమె. భూకంపం తర్వాత ఆమెకి మిగిలింది ఆ కుడిచెయ్యీ, దాంతో అల్లే ఊలు సాక్సులూ. వాచిక్ మామ, నేనూ ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించుకొచ్చాం. పలకల నీడ మా కిటికీల మీద పడి పగలే దీపం పెట్టాల్సి వచ్చింది. ఇనుప గోడలకి లోపలి వైపున నీటి బొట్లు గడ్డకట్టాయి.

ఆ సాయంత్రం అత్తయ్య పొయ్యి ముందు కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతోంది. ఉన్నట్టుండి వాళ్లమ్మ సంగతి ఎత్తింది.

"అమ్మకి ఆరేళ్లో ఏడేళ్లో. తుర్కుల నరమేధం నుంచి తప్పించుకుని ముష్ ఊరి నుంచి నడిచొచ్చిన పిల్లల గుంపులో ఈ ఊరి అనాథాశ్రమానికి చేరింది. వేలమంది పిల్లలు అక్కడ. సాయం పంపే దొరలొస్తున్నారంటే అందర్నీ మైదానంలో అక్షరాల ఆకారంలో నిలబెట్టి పైనుంచి ఫొటో తీసేవాళ్లట. మా అమ్మ ఒక అక్షరానికి తోక. ఎండలో కదలొద్దన్నారు. పాపం, ఆపుకోలేక నిలబడ్డచోటే తడిపేసుకుంది. ఆ అక్షరం ఏంటో చచ్చేదాకా తెలీలేదు దానికి."

సాసున్ రొట్టె విరుస్తూ ఆగాడు. యెరెవాన్‌కి మినీబస్సు నడిపి అప్పుడే ఇంటికొచ్చాడు. "ఇదెప్పుడూ చెప్పలేదేం అమ్మా?"

"అవసరం పడలేదు. అప్పుడు అతిథులొస్తే అమ్మని చూపించారు. ఇప్పుడు అతిథులొస్తే నన్ను దాస్తున్నారు. రెండుసార్లూ మమ్మల్ని అడిగినోడు లేడు." దుంప గిన్నెలో పడేసి చేతులు తుడుచుకుంది. "మీ నాన్న రంపం మంచం కింద ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"తుప్పు పట్టిందేమో చూడు."

మర్నాడు తెల్లవారి అందరూ పనుల్లో ఉండగా చర్రుచర్రుమని చప్పుడు. బయటికి పరుగెత్తాను. అత్తయ్య పలకల మీద రంపం నడిపిస్తోంది. గోడకి అవతలి వైపున, మా డబ్బాకి సరిగ్గా ఎదురుగా, ఒక ఆకుపచ్చ తలుపు బొమ్మ ఉంది. జెనిక్ అక్క బాగున్న చేత్తో అవతలి నుంచి ఆ బొమ్మ గీత వెంబడే మేకుతో తడుతూ దారి చూపిస్తోంది. ఇవతలి నుంచి అత్తయ్య కోస్తోంది. వంపు దగ్గర రంపం ఇరుక్కుంటే తిట్టి మళ్లీ లాగుతోంది.

"అత్తయ్యా! పోలీసులొస్తారు!"

"రానీ. వచ్చేటప్పుడు కుళాయి దగ్గర నుంచి ఓ బకెట్ తెమ్మను."

"మనల్ని ఇక్కడి నుంచి గెంటేస్తే?"

"ఎక్కడికి గెంటుతారే వర్సో? దీనికంటే కింద ఇంకేదన్నా ఉందా? ఉంటే చెప్పు, చూసొద్దాం."

వాచిక్ మామ పాత బీరువా తలుపు కీళ్లు విప్పి తెచ్చాడు. తనే మేకులు కొట్టాడు. మధ్యాహ్నానికి బొమ్మ తలుపు నిజం తలుపయింది. అత్తయ్య దాన్ని తోసి, గడప లేని గడప దాటి, కుళాయి దగ్గరికెళ్లి రెండు బకెట్లూ నింపుకుని అదే దారిన లోపలికొచ్చింది. మేమందరం అక్కడే నిలబడి చూశాం. అప్పుడు వాచిక్ మామ అన్నాడు: "ప్రభుత్వం మేడలు కట్టిచ్చింది, తలుపులు బిగించడం మర్చిపోయింది. మనిషన్నాక మర్చిపోతాడు. అంతమాత్రానికే తిడతామా?"

ఆ మాటకి పుట్టిన నవ్వుతో వరుస మొత్తానికి ధైర్యం వచ్చింది. సాయంత్రానికి పలకల మీది బొమ్మ కిటికీలు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. ఎవరి డబ్బాకి ఎదురుగా ఉన్న కిటికీ వాళ్లు కోసుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత అందరికీ కిటికీ ఎంచుకునే యోగం పట్టింది. పిల్లి ఉన్న కిటికీ కోసం ఇద్దరు ఆడవాళ్లు గొడవ కూడా పడ్డారు.

హ్మాయాక్ వచ్చి నెత్తి పట్టుకున్నాడు.

"పిన్నీ, నా ఉద్యోగం తీసేస్తావా ఏంటి? ఇది కాంట్రాక్టు పని!"

"నీ పనికి నేనేం అడ్డం పెట్టాను? నువ్వు ఇల్లు బొమ్మ గీయించావు. నేను అందులో కాపురం పెట్టాను."

అతను తలుపుకి అడ్డంగా రెండు పట్టీలు కొట్టించి వెళ్లాడు. అతని బండి మలుపు తిరగకముందే సాసున్ పట్టీలు ఊడదీశాడు. మళ్లీ కొట్టించాడు. మళ్లీ తీశాం. ఆ మేకులు ఇప్పటికీ దాచి ఉంచాం, మంచి మేకులు. చివరికి అతిథులు రావడానికి ముందు రోజు ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు. అత్తయ్య అప్పటికే తలుపు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని జెనిక్ అక్క వదిలేసిన సాక్సు పూర్తి చేస్తోంది.

"లే పిన్నీ, తలుపు మూసెయ్యాలి," అన్నాడు హ్మాయాక్.

"సాక్సు మడమ తిప్పుతున్నా. మధ్యలో లేస్తే కుట్లు జారిపోతాయి."

పెద్ద పోలీసు మీసం దువ్వుకున్నాడు. "అమ్మా, మాకు పని పెట్టకు. మర్యాదగా లే."

"నీదే ఊరు బాబూ?"

"ఇదే ఊరు."

"మీ అమ్మ ఎక్కడుంటోంది?"

ఆయన టోపీ సర్దుకున్నాడు. పక్కనున్న కుర్ర పోలీసు నోరు జారాడు: "స్టేషన్ వెనకాల దోమిక్‌లలో."

అత్తయ్య సాక్సు ఒళ్లో పెట్టుకుని ఆయన వైపు కాసేపు చూసింది. అంతే.

"ఏం చూస్తున్నారు? కుర్చీతో సహా ఎత్తి పక్కన పెట్టండి," అని అరిచాడు హ్మాయాక్.

"నువ్వెత్తు," అన్నాడు పెద్ద పోలీసు. "నేనెత్తితే మా అమ్మ నాకు జన్మలో అన్నం పెట్టదు."

హ్మాయాక్ కుర్చీ దాకా వచ్చాడు. చెయ్యి చాచాడు కూడా. అత్తయ్య తల ఎత్తి, "గ్లౌజులు లేకుండా తిరుగుతున్నావేంట్రా, వేళ్లు చూడు ఎలా పగిలాయో," అంది. అతను చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. కాసేపు మంచులో అటూ ఇటూ తిరిగి బండెక్కి వెళ్లిపోయాడు. పోలీసులు మా ఇంట్లో కాఫీ తాగి వెళ్లారు.

ఏడో తారీకు పొద్దున్నే అత్తయ్య ఏటా శ్మశానానికి వెళ్తుంది, అర్పినే దగ్గరికి. పువ్వులు ముందు రోజే తెచ్చి నీళ్లలో పెట్టుకుంటుంది. ఆ ఏడు పువ్వులు నా చేతికిచ్చింది.

"నువ్వు వెళ్లి పెట్టిరా. నేను సాయంత్రం వస్తానని చెప్పు. అలగదులే, మంచి పిల్ల."

నేను వెళ్లి, రాయి మీది మంచు తుడిచి, ఆ మాట చెప్పి పరుగున తిరిగొచ్చాను. అప్పటికి ప్రతి కిటికీలోంచీ ఒక మొహం బయటికి చూస్తోంది. బొమ్మ బాల్కనీల మీద నిజం దుప్పట్లు, పిల్లల పైజామాలు, వాచిక్ మామ గడ్డం తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. చలికి బట్టలు అట్టముక్కల్లా బిర్రబిగిశాయి. అత్తయ్య నల్ల కోటు వేసుకుని, తలుపు బార్లా తెరిచి నిలబడింది.

ముందు నల్ల కార్లు వచ్చాయి. అద్దాలు కూడా దించకుండా దూసుకుపోయాయి. వాటి వెనక అతిథుల బస్సు. కుళాయి కారి రోడ్డంతా మంచు పేరుకుంది, అందుకే డ్రైవరు బాగా నెమ్మదించాడు. బస్సులో మొహాలన్నీ మా వైపు తిరిగాయి. ముందు బొమ్మలు చూసి తల ఊపారు. తర్వాత బొమ్మల్లో మనుషులు కదలడం చూశారు. ఎవరో గట్టిగా ఏదో అన్నారు. బస్సు ఆగింది.

దిగినవాడు బాగా పెద్దాయన, విదేశీయుడు. వెనక తర్జుమా చేసే అమ్మాయి, ఆమె వెనక పరుగున ఒక సూటు మనిషి.

"ఆలస్యమవుతోంది, పదండి పదండి. ఇక్కడ చూడాల్సిందేం లేదు," అంటున్నాడు సూటాయన.

"లోపలికి రండి," అంది అత్తయ్య ముసలాయనతో. "తల వంచండి. తలుపు బొమ్మది, కొలత తెలియనోడు గీశాడు."

ఆయన తల వంచి లోపలికొచ్చాడు. గోడ వెనక మా ఇనుప డబ్బాల వరుస, రేకుల మీద రాళ్లు, పొగగొట్టాలు చూశాడు. ఆ అమ్మాయి ఆయన మాటలు మెల్లగా చెప్పింది. భూకంపం అప్పుడు ఆయన ఇక్కడే ఉన్నాడట, కుక్కల్తో శిథిలాల్లో మనుషుల్ని వెతికే జట్టులో. ఈ డబ్బాలు దించుతున్నప్పుడు చూశాడట. ఈపాటికి అందరూ ఇళ్లలో ఉంటారనుకున్నాడట.

సూటు మనిషి అడ్డొచ్చాడు. "ఇవి తాత్కాలికమే అని చెప్పమ్మా ఆయనకి. తాత్కాలికం."

అత్తయ్య ఆయన వైపు తిరిగింది. "నేనూ తాత్కాలికమే నాయనా. డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఎవరం ముందు అయిపోతామో చూద్దాం, నేనా ఈ డబ్బానా."

ఆ అమ్మాయి దీన్ని ఒక్క ముక్క వదలకుండా తర్జుమా చేసింది. ముసలాయన టోపీ తీసేశాడు. అత్తయ్య ఆయనకి కాఫీ ఇచ్చింది, నిలబడే తాగాడు. బస్సులోంచి ఇంకొంతమంది దిగారు. కెమెరాలూ దిగాయి. సూటు మనిషి ఫోన్లో ఎవరికో మాటిమాటికీ "అవునండి, అవునండి" అంటూనే ఉన్నాడు.

సాయంత్రం అత్తయ్య మాటిచ్చినట్టే శ్మశానానికి వెళ్లింది. మర్నాడు పలకలు పట్టుకుపోవడానికి హ్మాయాక్ వచ్చాడు. సగం మిగల్లేదు. ఎండిన పైన్ చెక్క పొయ్యిల్లో భలే మండింది. రంగు వాసన కాస్త ఇబ్బంది పెట్టిందంతే. "బాల్కనీలు అయిపోయాయి, కిటికీల మీదున్నాం," అన్నాడు వాచిక్ మామ. హ్మాయాక్ మిగిలిన పలకల వైపు చూసి, బండి డ్రైవరుని వెనక్కి పంపేసి, ఒక పలక తనే భుజాన వేసుకుని తెచ్చి జెనిక్ అక్క డబ్బా ముందు పడేశాడు.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నాకూ హాయిగా ఉండేది.

మూడు వారాల తర్వాత అత్తయ్య పేర ఒక్కదానికే పిలుపొచ్చింది. కొత్త కాలనీలో ఫ్లాటు, రెండు గదులు, వేడినీళ్లు. నేను ఏడ్చేశాను సంతోషంతో. పిల్లలకి ఏ మూల ఎవరిదో కూడా పంచేశాను. అత్తయ్య ఇళ్లు ఇచ్చే ఆఫీసుకి వెళ్లి వచ్చింది, కోటు విప్పకుండానే చెప్పింది.

"వద్దన్నాను."

నాకు అర్థం కాలేదు. "ఏం వద్దన్నావు?"

"నోరు మూయించడానికి ఇస్తున్నారే అమ్మాయ్. ఈ వరుసలో జెనిక్ మనకంటే ముందు పేరు రాయించుకుంది. వాచిక్ కూడా. వాళ్లకి ఇచ్చాక నాకివ్వండని చెప్పొచ్చాను."

"నా పిల్లలు దగ్గుతున్నారు అత్తయ్యా! నీ పరువు కోసం వాళ్లు ఇంకో చలికాలం ఈ డబ్బాలో పడుండాలా?"

"నా పరువు కాదే..."

"మరెవరిది? నీకు నిలబడటం అలవాటు, నిలబడతావు. వాళ్లు చిన్నపిల్లలు!"

ఆమె కోటు విప్పి మేకుకి తగిలించింది. నేను వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. కాఫీ ఆమె ముందు టక్కున పెట్టేసి వెళ్లిపోయేదాన్ని. సాసున్ ఇద్దరి మధ్యా నలిగి, ఎక్కువ ట్రిప్పులు వేసుకుని తప్పించుకున్నాడు. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే జెనిక్ అక్క చెయ్యి పట్టుకుని ఆఫీసుకు నడిచి వెళ్లేది. అక్కడ వాకిట్లో కూర్చుని సాయంత్రం వచ్చేది. ఒక రోజు దగ్గుతూ వచ్చింది. రాత్రంతా దగ్గింది. పొద్దున మళ్లీ బూట్లు వేసుకుంటోంది, వంగలేక ఆయాసపడుతూ.

నేను పిల్లల్ని బడికి పంపి నా కోటు తీసుకున్నాను.

"ఎక్కడికి?" అంది.

"ఆఫీసుకి. నువ్వు ఇంట్లో పడుకో. జెనిక్ అక్కని నేను తీసుకెళ్తా."

"నీకు మాట్లాడటం రాదు. అరుస్తావు."

"అరుపులు కూడా కావాలి అక్కడ."

ఆమె నా మొహం చూసి బూటు విప్పేసింది.

ఆ రోజు కిటికీ దగ్గర గుమాస్తా నా పేరు అడిగి, కాగితాలు చూసి, "ఆహా, హైకనుష్ గారి కోడలు. మీ ఫ్లాటు అలాగే ఉందమ్మా, ఇప్పుడైనా సంతకం పెట్టండి," అన్నాడు. పెన్ను కూడా నా ముందుకు జరిపాడు. పిల్లల గది నా కళ్ల ముందు ఆడింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పెన్ను తీసి జెనిక్ అక్క బాగున్న చేతిలో పెట్టాను.

"ఆ ఫ్లాటుకి ఈమె పేరు రాయండి," అన్నాను. "రాసేదాకా ఇక్కడే ఉంటాం. రేపు మా వరుస మొత్తం వస్తుంది. ఎల్లుండి స్టేషన్ వెనకాల వరుస కూడా వస్తుంది, అక్కడ ఒక పోలీసుగారి అమ్మ ఉంది, మాకు తెలిసినామే."

ఒక్కరోజులో అవలేదు. మంచు కరిగేదాకా వెళ్తూనే ఉన్నాం, ఒక రోజు పదిమంది, ఒక రోజు నలభై మంది. ఏప్రిల్లో జెనిక్ అక్క ఆ ఫ్లాటులోకి వెళ్లింది. ఆ వేసవిలో వాచిక్ మామ వెళ్లాడు. మా వంతు రావడానికి ఇంకో రెండు చలికాలాలు పట్టింది. ఆ రెండూ కష్టంగానే గడిచాయి, పిల్లలు దగ్గారు, నేను అత్తయ్యతో మళ్లీ పోట్లాడాను, ఒకటి కాదు చాలాసార్లు. కానీ ఆఫీసు వాకిట్లో కూర్చోవడం మాత్రం ఇద్దరం ఒక్క రోజు కూడా మానలేదు.